పైపు రెండో కొస: చైల్డ్ ప్రాసెస్ అవుట్‌పుట్‌ను అందుకొనే పద్ధతి

నేటి కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామూ తనకు కావలసిన పనులన్నిటినీ తానే చేసుకోదు. వీడియోల పరిమాణం తగ్గించే వెబ్‌సైటు ఆ పనిని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే మరో ప్రోగ్రాంకు అప్పగిస్తుంది. ప్రోగ్రామర్లు కోడ్ రాసుకొనే ఎడిటర్, పాత మార్పుల చరిత్రను చూపడానికి తెర వెనుక గిట్‌ను నడుపుతుంది. స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల పుటలను అక్షరాలుగా మార్చవలసిన పైథాన్ ప్రోగ్రాం, బొమ్మలో అక్షరాలను గుర్తుపట్టే విద్య తనకు లేదు కనుక, ఆ విద్య తెలిసిన టెసెరాక్ట్‌ను పిలుస్తుంది. ఇలా పిలిచిన ప్రోగ్రాం ఇచ్చే ఫలితాన్నీ, తెలిపే దోషాన్నీ, చివరకు అది ముగిసిన తీరునూ అందుకోవడం పైకి చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. అయితే అనుభవజ్ఞులు రాసిన ప్రోగ్రాములు సైతం ఉన్నట్టుండి కదలకుండా నిలిచిపోవడానికీ, తెలుగు పాఠం చిందరవందర గుర్తులుగా మారడానికీ, చెడిపోయిన పని సజావుగా ముగిసినట్లు నమోదు కావడానికీ కారణాలు తరచుగా ఇక్కడే దొరుకుతాయి.

ఈ దోషాలకు మూలం ఒక్కటే. మరో ప్రోగ్రాంను నడపడాన్ని కేవలం ఒక ఆజ్ఞగా భావించినవారు, ఆజ్ఞ ఇవ్వడంతోనే తమ పని సగం తీరిందనుకొంటారు. కానీ పిలవబడిన ప్రోగ్రాం రాసే ప్రతి బైటునూ, అది రాసే ప్రతి దారిలోనూ, అది ముగిసేవరకూ చదివేందుకు ఎవరో ఒకరు ఉండితీరాలి, ఆ బాధ్యత పిలిచిన ప్రోగ్రాందే. ఈ నియమం ఎందుకు తప్పనిసరో తెలియాలంటే రెండు ప్రోగ్రాముల మధ్య ఉన్న దారి ఎలా నిర్మితమైందో ముందుగా చూడాలి.

ప్రాసెస్ నుంచి ప్రాసెస్ పుట్టే తీరు

డిస్కు మీద ఉన్న ఆదేశాల సముదాయాన్ని ప్రోగ్రాం అనీ, ఆ ఆదేశాలు మెమొరీలోకి వచ్చి, తమకంటూ కొంత స్థలాన్నీ ఒక గుర్తింపు సంఖ్యనూ పొంది నడుస్తున్న స్థితిని ప్రాసెస్ అనీ వ్యవహరిస్తారు. ఒక ప్రాసెస్ మరొకదాన్ని సృష్టించినప్పుడు సృష్టించినది పేరెంట్ ప్రాసెస్, పుట్టినది చైల్డ్ ప్రాసెస్ అవుతాయి. యూనిక్స్ సంతతికి చెందిన సిస్టంలన్నిటిలో కనిపించే ఈ ఏర్పాటుకు పునాదులు, 1969లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం మర్రే హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, వారి సహచరులు యూనిక్స్ నిర్మాణాన్ని ఆరంభించిన తొలి దశలోనే పడ్డాయి. నడుస్తున్న ప్రాసెస్‌కు ఒక నకలును పుట్టించే ఆదేశాన్ని ఫోర్క్ అంటారు. నాటి పీడీపీ-7 యంత్రం మీద దానికి సరిగ్గా 27 వరుసల అసెంబ్లీ కోడ్ సరిపోయిందని రిచీ తరువాతి కాలంలో నమోదు చేశారు. నకలుగా పుట్టిన చైల్డ్, ఎగ్జెక్ అనే మరో ఆదేశంతో తన లోపలి ప్రోగ్రాంను తీసివేసి, కావలసిన కొత్త ప్రోగ్రాంను నింపుకొంటుంది. విండోస్‌లో ఈ రెండు అంచెలూ ఒకే ఆదేశంలో జరుగుతాయి.

ఫోర్క్ జరిగినప్పుడు చైల్డ్‌కు పేరెంట్ నుంచి వారసత్వంగా వచ్చేవాటిలో, తెరిచి ఉన్న ఫైళ్ల పట్టిక ముఖ్యమైనది. ఆ పట్టికలోని వరుస సంఖ్యలను ఫైల్ డిస్క్రిప్టర్లు అంటారు. వాటిలో 0 ప్రోగ్రాంకు సమాచారం వచ్చే దారి, అంటే స్టాండర్డ్ ఇన్‌పుట్. 1 ఫలితం బయటికి వెళ్లే దారి, అంటే స్టాండర్డ్ అవుట్‌పుట్. 2 దోషాలనూ హెచ్చరికలనూ తెలిపే దారి, అంటే స్టాండర్డ్ ఎర్రర్. మూడవ దారి మొదట్లో లేదు. బెల్ ల్యాబ్స్‌లో ఫొటోటైప్‌సెట్టింగ్ యంత్రానికి పంపిన పాఠంలో దోష సందేశాలు కలిసిపోయి, అవే అచ్చయి రావడంతో, ఫలితాన్నీ ఫిర్యాదునూ వేరు చేయవలసిన అవసరాన్ని వారు గుర్తించారు. టెసెరాక్ట్ నేటికీ ఈ విభజనను పాటిస్తుంది: ఫలితాన్ని స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు పంపమని కోరినప్పుడు, గుర్తుపట్టిన పాఠం మాత్రమే అందులో వస్తుంది, బొమ్మ స్పష్టత చాలదన్న హెచ్చరికల వంటివి స్టాండర్డ్ ఎర్రర్‌లోకి వెళ్తాయి.

పరిమితి ఉన్న గొట్టం

ఈ దారులు మామూలుగా టెర్మినల్‌కు, అంటే అక్షరాలు కనిపించే తెరకు, కలిసి ఉంటాయి. చైల్డ్ చెప్పేది తెర మీద పడకుండా పేరెంట్‌కు చేరాలంటే వాటిని పైపుకు కలపాలి. ప్రోగ్రాములను తోటకు నీళ్లు పట్టే గొట్టాల్లా ఒకదానికొకటి తగిలించగలగాలన్న ఆలోచనను బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే ఒక లేఖలో రాసిపెట్టారు. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని ఒక్క రాత్రిలో యూనిక్స్‌లో అమర్చారు. ఆ అమరికే నేటికీ పైపు అన్న పేరుతో నిలిచి ఉంది.

పైపు అంటే ఆపరేటింగ్ సిస్టంలోని కేంద్రభాగమైన కెర్నెల్ తన మెమొరీలో కేటాయించే చిన్న నిల్వ స్థలం. దానికి రెండు కొసలుంటాయి. ఒక కొసన రాసిన బైట్లు అదే వరుసలో రెండో కొసన బయటికి వస్తాయి. ఈ స్థలానికి హద్దు ఉందన్నదే మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన విషయం. లైనక్స్‌లో 2005 నాటి 2.6.11 వెర్షన్‌కు ముందు ఒక పైపు 4,096 బైట్లను మాత్రమే పట్టేది. ఆ వెర్షన్ నుంచి సాధారణ పరిమాణం 65,536 బైట్లయింది.

పైపు నడవడికను నాలుగు నియమాలు నిర్ణయిస్తాయి. పైపు నిండితే రాసే ప్రాసెస్‌ను కెర్నెల్ ఆపివేస్తుంది, అవతలివారు కొంత చదివి చోటు చేసేవరకు అది ముందుకు కదలదు. పైపు ఖాళీగా ఉంటే చదివే ప్రాసెస్ ఆగుతుంది. రాసే కొసను పట్టుకొన్న ప్రాసెస్‌లన్నీ దాన్ని మూసివేసినప్పుడే చదివే ప్రాసెస్‌కు సమాచారం అయిపోయిందన్న సూచన అందుతుంది. చదివే కొసలన్నీ మూసుకుపోయాక ఎవరైనా రాయబోతే, వారికి సిగ్‌పైప్ అనే సంకేతం అంది, సాధారణంగా వారి పని అక్కడితో ముగుస్తుంది. చైల్డ్ ప్రాసెస్‌ల విషయంలో ఎదురయ్యే చిక్కులలో చాలావాటిని ఈ నాలుగు నియమాలతోనే వివరించవచ్చు.

ఇద్దరూ ఎదురుచూసే స్థితి

పైథాన్‌లో మొదట్లో చైల్డ్‌ను నడిపే పనికి వేర్వేరు చోట్ల, వేర్వేరు పేర్లతో పలు ఉపకరణాలు ఉండేవి. వాటన్నిటి స్థానంలో ఒకే పొందికైన పద్ధతి ఉండాలని పీటర్ ఆస్ట్రాండ్ 2003లో ప్రతిపాదించగా, 2004 నవంబరులో వెలువడిన పైథాన్ 2.4లో సబ్‌ప్రాసెస్ అనే మాడ్యూల్ చేరింది. అందులోని పీఓపెన్ అనే నిర్మాణం చైల్డ్‌ను ఆరంభించి, మూడు దారులలో దేనికి పైపు కావాలంటే దానికి పైపు అమర్చి, వాటి రెండో కొసలను పేరెంట్ చేతికి ఇస్తుంది. చైల్డ్ ముగిసేవరకు ఆగమనడానికి వెయిట్ అనే ఆదేశమూ ఉంది.

కొత్తగా నేర్చుకొనేవారికి సహజంగా తోచే క్రమం ఏమిటంటే, చైల్డ్‌ను ఆరంభించి, వెయిట్‌తో అది ముగిసేవరకు ఆగి, ఆ తరువాత తీరికగా పైపులోని ఫలితాన్ని చదవడం. ఫలితం చిన్నదైతే ఈ క్రమం ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది. ఫలితం పైపు పరిమాణాన్ని మించితే మాత్రం, నిండిన పైపులో చోటు కోసం చైల్డ్ ఆగుతుంది, చైల్డ్ ముగియడం కోసం పేరెంట్ ఆగుతుంది. ఒకరు కదిలితే తప్ప రెండోవారు కదలలేని ఈ స్థితిని డెడ్‌లాక్ అంటారు. అందులో దోష సందేశం రాదు, ప్రాసెసర్‌కు పని ఉండదు, ఎంతసేపు ఆగినా ఏమీ జరగదు.

తెలుగు పాఠం విషయంలో ఈ హద్దు మరింత త్వరగా ఎదురవుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోగా, తెలుగు సంకేతం ప్రతిదానికీ మూడు బైట్లు కావాలి. హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు దేనికది వేరు సంకేతం కనుక, కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ నిజానికి ఆరు సంకేతాలుగా, 18 బైట్లుగా నమోదవుతుంది. ఈ లెక్కన 65,536 బైట్ల పైపులో 21,845 తెలుగు సంకేతాలకు మించి పట్టవు. ఒక అచ్చుపుటలో 2,000 సంకేతాలు ఉంటాయనుకొంటే, పుటలన్నిటినీ వరుసగా చదివి ఫలితాన్ని పైపులోకి రాస్తున్న టెసెరాక్ట్, పదకొండో పుట పూర్తికాకముందే నిలిచిపోతుంది. రెండు మూడు పుటలతో పరీక్షించినప్పుడు సక్రమంగా నడిచిన ప్రోగ్రాం, అసలు పుస్తకాన్ని అప్పగించిన రోజున ఆగిపోవడానికి కారణం ఇదే.

వెయిట్‌కు ముందే చదివితే చాలుననుకోవడం కూడా తొందరపాటే. పేరెంట్ స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను చివరివరకు చదివి, ఆ తరువాత స్టాండర్డ్ ఎర్రర్‌ను చదవాలనుకొన్నప్పుడు, చైల్డ్ హెచ్చరికలతో రెండో పైపును నింపివేస్తే, మొదటి పైపు ఖాళీగా ఉన్నా దాన్ని మూసేవారు ఉండరు కనుక మళ్లీ అదే డెడ్‌లాక్ ఏర్పడుతుంది. పేరెంట్ చైల్డ్‌కు పెద్ద సమాచారాన్ని ఇన్‌పుట్‌గా పంపుతూ, ఆ మధ్యలో వస్తున్న ఫలితాన్ని చదవకపోయినా ఇదే జరుగుతుంది. అందువల్ల మూడు దారులనూ ఏకకాలంలో గమనించడమే సరైన పద్ధతి. పీఓపెన్‌లోని కమ్యూనికేట్ అనే ఆదేశం చేసేది ఈ పనే: యూనిక్స్ సంతతి సిస్టంలలో ఏ పైపు సిద్ధంగా ఉందో కెర్నెల్‌నే అడుగుతూ, విండోస్‌లో ఒక్కో పైపుకు ఒక్కో థ్రెడ్‌ను, అంటే ప్రాసెస్ లోపలే సమాంతరంగా సాగే పనివరుసను నియోగిస్తూ, అన్నిటినీ కలిపి నడుపుతుంది. 2015లో వచ్చిన పైథాన్ 3.5లో చేరిన రన్ అనే ఆదేశం దీనినే మరింత సులభం చేసింది. చాలా అవసరాలకు అది సరిపోతుంది.

కమ్యూనికేట్‌కూ ఒక పరిమితి ఉంది: అది వచ్చినదంతా మెమొరీలో కూడబెట్టి చివరన ఒకేసారి అందిస్తుంది. ఫలితం కొన్ని గిగాబైట్లు ఉండేటప్పుడు స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను పైపుకు బదులు నేరుగా ఒక ఫైలుకు కలపడం మేలు, ఎందుకంటే ఫైలుకు పైపువంటి హద్దు లేదు. అవసరంలేని దారిని డెవ్‌నల్‌కు, అంటే వచ్చినదాన్ని వచ్చినట్లు పారవేసే కృత్రిమ ఫైలుకు, కలపవచ్చు. రెండు దారులనూ ఒకే పైపులోకి మళ్లిస్తే ఒక్కదాన్ని చదివితే చాలు గానీ, ఫలితమూ ఫిర్యాదూ మళ్లీ కలిసిపోతాయి. వీటిలో దేన్ని ఎంచుకొన్నా, పైపును అమర్చి దాన్ని చదవకుండా వదిలివేయడం మాత్రం ఎన్నడూ తగదు.

ఆలస్యంగా అందే వరుసలు

గంటలకొద్దీ సాగే పనిలో పురోగతిని ఎప్పటికప్పుడు చూపాలంటే, చైల్డ్ రాసే వరుసలను ఒక్కొక్కటిగా అందుకోవాలి. ఇక్కడ మరో ఆశ్చర్యం ఎదురవుతుంది: టెర్మినల్‌లో నడిపినప్పుడు వరుస వెంట వరుస వెంటనే కనిపించిన ప్రోగ్రాం, పైపుకు కలపగానే చాలాసేపు మౌనంగా ఉండి, తరువాత ఒక్కసారిగా వందల వరుసలు పంపుతుంది. కెర్నెల్‌ను పదేపదే పిలవడం ఖర్చుతో కూడిన పని కనుక, సీ భాషా గ్రంథాలయం రాయవలసినదాన్ని ముందుగా ప్రాసెస్‌లోనే బఫర్ అనే తాత్కాలిక స్థలంలో పోగుచేస్తుంది. అవతల టెర్మినల్ ఉంటే మనిషి చూస్తున్నాడని భావించి వరుస ముగియగానే పంపుతుంది. పైపో ఫైలో ఉంటే బఫర్ నిండినప్పుడే పంపుతుంది. స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం ఆలస్యం కాకూడదు కనుక దానికి బఫర్ ఉండదు. రెండు దారులనూ ఒకే పైపులో కలిపినప్పుడు, తరువాత పుట్టిన దోష సందేశం ముందుగానూ, ముందు పుట్టిన ఫలితం తరువాతనూ కనిపించడానికి ఈ తేడాయే కారణం. చైల్డ్‌ను బలవంతంగా ఆపినప్పుడు దాని బఫర్‌లో ఉన్న వరుసలు ఎవరికీ అందకుండానే పోతాయి.

ఈ పోగుచేత చైల్డ్ లోపల జరుగుతుంది కనుక పేరెంట్ ఎంత శ్రద్ధగా చదివినా ఆలస్యం తగ్గదు. మార్పు చైల్డ్ వైపునే రావాలి. చైల్డ్ కూడా పైథాన్ ప్రోగ్రామే అయితే బఫర్ వద్దని చెప్పే ఎంపిక ఆ భాషలోనే ఉంది. సీ గ్రంథాలయాన్ని వాడే ఇతర ప్రోగ్రాములలో చాలావాటికి లైనక్స్‌లోని ఎస్‌టీడీబఫ్ అనే ఉపకరణం పనికివస్తుంది. అవీ కుదరకపోతే టెర్మినల్‌ను అనుకరించే సూడో టెర్మినల్‌ను అమర్చి, అవతల మనిషే ఉన్నాడని చైల్డ్ భావించేలా చేయవచ్చు.

బైట్ల మధ్య విరిగే అక్షరం

పైపుకు అక్షరాలు తెలియవు, అది మోసేది బైట్లను మాత్రమే. ఆ బైట్లు ఏ లిపి పద్ధతిలో ఉన్నాయో తెలుసుకొని అక్షరాలుగా మార్చుకోవలసినది పేరెంట్. పైపును అమర్చిన కెన్ థాంప్సనే 1992లో రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 పద్ధతిని రూపొందించారు. నేడు తెలుగు పాఠం లోకమంతటా ప్రధానంగా ఆ పద్ధతిలోనే ప్రయాణిస్తోంది. ఇందులో ‘క’ మూడు బైట్ల వరుస. చైల్డ్ ఫలితాన్ని ఒక్కోసారికి 4,096 బైట్ల చొప్పున చదివితే, ఆ సంఖ్యను మూడుతో భాగించినప్పుడు ఒకటి మిగులుతుంది కనుక, ఖాళీలు లేని తెలుగు పాఠంలో మొదటి ముక్క చివరన ఒక అక్షరపు తొలి బైటు ఒంటరిగా నిలిచిపోతుంది. ఏ ముక్కకు ఆ ముక్కను వేరుగా అక్షరాలుగా మారిస్తే దోషమైనా వస్తుంది, అక్షరమైనా నశిస్తుంది. ముక్కలను దాటి మిగిలిన బైట్లను గుర్తుంచుకొనే మార్పిడి సాధనాన్ని వాడాలి, లేదా మార్పిడిని పైథాన్‌కే అప్పగించాలి. టెక్స్ట్ రూపం కావాలని సబ్‌ప్రాసెస్‌ను కోరితే అది ఈ జాగ్రత్తను తానే తీసుకొంటుంది.

అయితే అలా కోరేటప్పుడు పద్ధతి యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే పైథాన్ ఆ కంప్యూటర్ స్థానిక అమరికను అనుసరిస్తుంది. చాలా విండోస్ యంత్రాలలో అది పశ్చిమ ఐరోపా భాషల కోసం చేసిన 1252 సంకేతపట్టిక. తెలుగు పొల్లు గుర్తులోని మూడవ బైటుకు ఆ పట్టికలో ఏ అక్షరమూ లేదు. తెలుగులో ఒత్తు ఉన్న ప్రతి మాటలోనూ పొల్లు ఉంటుంది కనుక, లైనక్స్ మీద నిక్షేపంగా నడిచిన ప్రోగ్రాం విండోస్ మీద మొదటి సంయుక్తాక్షరం దాటకముందే దోషంతో ఆగుతుంది. ఇంగ్లీషు పాఠంతో మాత్రమే పరీక్షించేవారికి ఈ లోపం ఎన్నటికీ కనిపించదు; తెలుగు సాఫ్ట్‌వేర్ రాసేవారు దీన్ని ముందే ఊహించి జాగ్రత్తపడాలి.

ముగిసిన తీరును అడగడం

ఫలితం అందినంత మాత్రాన పని సఫలమైనట్లు కాదు. ప్రతి ప్రాసెస్ ముగిసేటప్పుడు ఒక సంఖ్యను విడిచివెళ్తుంది. యూనిక్స్ సంప్రదాయంలో అది 0 నుంచి 255 వరకు ఉంటుంది, 0 సాఫల్యానికి గుర్తు. తక్కిన సంఖ్యల అర్థం ప్రోగ్రాంను బట్టి మారుతుంది: పాఠంలో మాటలను వెతికే గ్రెప్, మాట దొరకకపోతే 1ని, నిజమైన దోషం జరిగితే 2ను ఇస్తుంది. సంకేతంతో బలవంతంగా ఆపివేయబడిన చైల్డ్‌కు పైథాన్ రుణసంఖ్యను చూపుతుంది. -9 కనిపిస్తే దాన్ని ఎవరో కిల్ సంకేతంతో ఆపినట్లు. సున్నా కానిది వస్తే వెంటనే దోషంగా పరిగణించమని రన్‌ను ముందే కోరవచ్చు, కోరకపోతే అది మౌనంగా ఊరుకొంటుంది. ఈ సంఖ్యను పేరెంట్ అడిగేవరకు, ముగిసిపోయిన చైల్డ్ పేరు కెర్నెల్ పట్టికలో మిగిలే ఉంటుంది; అలాంటివాటిని జాంబీలంటారు. నెలల తరబడి నడిచే సర్వర్‌లో అవి పోగైతే కొత్త ప్రాసెస్‌లకు గుర్తింపు సంఖ్యలే కరవవుతాయి.

ఎప్పటికీ ముగియని చైల్డ్ విషయంలో గడువు విధించడం అవసరం. గడువు దాటితే రన్ చైల్డ్‌ను ఆపివేస్తుంది. కమ్యూనికేట్ మాత్రం గడువు దాటిందని తెలిపి ఊరుకొంటుంది, చైల్డ్‌ను ఆపి మిగిలిన ఫలితాన్ని తీసుకోవలసిన పని ప్రోగ్రామర్‌కే వదిలివేస్తుంది. చైల్డ్ తానుగా మరో ప్రాసెస్‌ను పుట్టించి ఉంటే, పైపు రాసే కొస ఆ మూడో తరం చేతిలోనూ ఉంటుంది కనుక, చైల్డ్ పోయినా పేరెంట్‌కు ముగింపు సూచన అందకపోవచ్చు. అందుకే చైల్డ్‌ను దాని సంతతితో సహా ఒక ప్రత్యేక సమూహంగా ఆరంభించి, అవసరమైతే సమూహాన్నంతటినీ ఒకేసారి ఆపడం ఉత్తమం.

భాష మారినా మారని నియమం

ఈ చిక్కులు పైథాన్‌కే పరిమితమైనవి కావు, ఎందుకంటే పైపు ఏ భాషకూ చెందినది కాదు. చైల్డ్ అవుట్‌పుట్‌ను వెంటవెంటనే చదవకపోతే అది నిలిచిపోవచ్చనీ, డెడ్‌లాక్ కూడా ఏర్పడవచ్చనీ జావా అధికారిక పత్రాలు హెచ్చరిస్తాయి. గో భాష పత్రాలు, పైపు నుంచి చదవడం పూర్తికాకముందే వెయిట్‌ను పిలవడం తప్పని చెబుతాయి. నోడ్ జేఎస్‌లో ఎగ్జెక్ అనే ఆదేశం ఫలితాన్నంతా మెమొరీలో పోగుచేసి, నిర్ణీత పరిమాణం దాటితే చైల్డ్‌ను ఆపివేస్తుంది. పెద్ద ఫలితాలకు అక్కడ స్పాన్ అనే మరో ఆదేశం ఉంది.

భాష ఏదైనా, మరో ప్రోగ్రాంను పిలిచే వరుస రాసేముందు ప్రోగ్రామర్ తనకు తాను వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగు: చైల్డ్ రాసే ప్రతి దారినీ ఎవరు చదువుతున్నారు, ఆ బైట్లు ఏ లిపి పద్ధతిలో వస్తున్నాయి, గడువు దాటితే ఎవరు ఆపుతారు, ముగింపు సంఖ్యను ఎవరు పరిశీలిస్తారు. వీటికి సమాధానాలు కోడ్‌లోనే స్పష్టంగా ఉండి, పైపు పరిమాణాన్ని మించిన తెలుగు పాఠంతో ఒకసారి పరీక్షించి చూసిన ప్రోగ్రాంకు, మూడు పుటల కరపత్రాన్నైనా మూడు వందల పుటల గ్రంథాన్నైనా నిశ్చింతగా అప్పగించవచ్చు.